బురుజు గదిలో గుంట

1964 జూన్ 12, శుక్రవారం

ఇవాళ మొదటిసారి బురుజు లోపలికి వెళ్లాను.

పురావస్తు శాఖ తరఫున ఎండాకాలమంతా నయాపూల్ వంతెన అవతల మిగిలిన ఆ పాత నగరం గోడను బయటి నుంచే కొలిచాం. బురుజంటే రాళ్లూ మట్టీ నింపిన దిమ్మె అనుకున్నాం. పక్కన రేకు తలుపు కనబడితే ఎవరో గుడిసె ఆనించుకున్నారనుకున్నాం. ఇవాళ నీడ కోసం అటు వెళ్లి తలుపు తోశాను. లోపల గుండ్రటి గది. పైన గుమ్మటం లాంటి కప్పు, నది వైపు తుపాకి పట్టేంత సందు. ఒకప్పుడు కావలి సిపాయిలు ఉండే గది. గోడ పొడవునా వెతికినా ఇలాంటిది మాకు ఇంకొకటి దొరకలేదు.

గదిలో పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

"ఏం గావాలె అమ్మా?" అంది పొయ్యి దగ్గర కూర్చున్నామె.

"సర్కారు ఆఫీసు నుంచి వచ్చిన. గోడ చూడనీకె."

"గోడ బయటుంది గద," అని నవ్వింది. "ఇది మా ఇల్లు."

పేరు పోశవ్వ. నా ఈడుదే. మొగుడు బిచ్చయ్య అఫ్జల్‌గంజ్‌లో హమాలీ. ఇద్దరు ఆడపిల్లలు, ఒక మేక. పాలమూరు జిల్లాలో కరువొచ్చి, పెళ్లయిన ఏడాదే పట్నం వచ్చారట. వచ్చినప్పుడు గదినిండా గబ్బిలాలు, మోకాలి లోతు చెత్త. ఇద్దరూ ఎత్తి పోశారు. ఏటా దసరాకు సున్నం వేస్తుంది. కప్పు మీద మొలిచిన రావి మొక్కల్ని ఎప్పటికప్పుడు బిచ్చయ్య పీకేస్తాడు.

అందుకే కప్పు నిలబడింది. ఈ సంగతి నోట్సులో రాయాలి.

జూన్ 15

గది సంగతి చెప్పగానే మా ఆఫీసరు రాధాకృష్ణమూర్తిగారు కుర్చీలోంచి లేచారు. కర్నూలు నుంచి ఆఫీసులు ఇక్కడికి మారినప్పుడు వచ్చిన మనిషి. ఇన్నేళ్లుగా ఆబిడ్స్‌లో ఈ మేడ మీద కూర్చుని, ఏదీ దొరకని ఊరికి వచ్చి పడ్డానని బాధపడుతుంటారు.

"లోపల ఒక గుంట తీసి పునాది చూడండి అనసూయగారూ. అసలు గోడతోబాటు కట్టిందైతే అట్టిపెడదాం. తర్వాతెప్పుడో అతికించిందైతే రోడ్డు వాళ్లకి వదిలేద్దాం. నది వెంట రోడ్డేస్తామని వాళ్లు ఏడాదినించీ ప్రాణం తీస్తున్నారు."

"అందులో ఒక కుటుంబం ఉందండి."

"ఎటు తేలినా వాళ్లు లేవాల్సిందే కదండీ. అట్టిపెట్టేదైతే మనం లేపుతాం, పడగొట్టేదైతే రోడ్డు వాళ్లు లేపుతారు. అది మనసులో పెట్టుకోకండి."

పెట్టుకోను. నాది కొలిచే పని.

జూన్ 20

అన్నయ్యకు వరంగల్ బదిలీ అయింది. దసరా వెళ్లగానే ప్రయాణం. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో ఈ కిరాయి ఇల్లు ఖాళీ చేసేస్తారు.

"నువ్వు గూడ రా అనసూయా," అన్నాడు అన్నం తింటూ. "ఒక్కదానివి ఈడెట్లుంటవ్? నౌకరీ సూస్తే పక్కా గాదాయె."

"పిల్లల్ని సూసుకుంటందుకు నాకూ జర ఆసర అయితది," అంది విమల వదిన. ఆమె మాటలో తప్పేమీ లేదు.

ఔరంగాబాద్‌లో మా ఆయన రెండో ఆమెను తెచ్చుకున్నాక అక్కడ నాకు మిగిలింది వంటగది. ఇక్కడికి వచ్చాక సామాన్ల గది. బియ్యం బస్తాలకు, ట్రంకు పెట్టెలకు మధ్య నా మంచం. వరంగల్‌లో ఏ గదో.

ఆబిడ్స్‌లో ఉద్యోగాలు చేసే ఆడవాళ్ల హాస్టల్ ఉంది. మధ్యాహ్నం వెళ్లి అడిగాను. పర్మనెంట్ అయినవాళ్లకే గది ఇస్తారట.

జూన్ 23

గదిలో తవ్వకం మొదలుపెట్టాం. మంచం ఒక పక్కకు, పొయ్యి తలుపు దగ్గరికి జరిపింది పోశవ్వ. మా కూలీ సాయన్న గడ్డపార ఎత్తేసరికి పిల్లలిద్దరూ తల్లి వెనక నక్కారు.

"మా ఇల్లు తవ్వుతవా అమ్మా?"

"తవ్వి, సూసి, మల్ల పూడుస్తం."

"పూడ్చినంక?"

సాయన్నకు మట్టి ఎక్కడ పోయాలో చూపించడానికి బయటికి వెళ్లాను.

జూలై 1

పునాది దొరికింది. అదే రాయి, అదే డంగు సున్నం. గోడా బురుజూ ఒక్క చేతి కట్టడం. సందేహం లేదు. చాలాసేపు గుంటలోనే నిలబడి ఆ రాళ్ల మీద చెయ్యి వేసి ఉంచాను. ఈ పనిలోకి వచ్చాక ఇంత సంతోషం ఎరగను.

పైకి చూస్తే గుంట ఒడ్డున చిన్నపిల్ల నిద్రపోతోంది, ఒళ్లంతా జ్వరం. పోశవ్వ తడిగుడ్డ మారుస్తోంది.

ఆఫీసుకు వచ్చి వారం రిపోర్టు రాశాను. "పొరలు స్పష్టంగా లేవు. తవ్వకం కొనసాగించాలి."

తూర్పు మూల నిజంగానే స్పష్టంగా లేదు.

జూలై 6

రోడ్డు వాళ్లు వచ్చారు. టోపీ పెట్టుకున్న ఓవర్‌సీరు, వెనక నలుగురు మనుషులు. నేను గుంటలో ఉన్నాను.

"తవ్వకం నడుస్తుంది. గుంట పూడ్చేదాక ఇక్కడ ఏదీ కదపనీకె లేదు," అన్నాను కిందినించే.

ఓవర్‌సీరు నా వైపు, గుంట వైపు, పొయ్యి మీద కుండ వైపు చూశాడు. "ఇండ్లనే తవ్వుతున్రా?" అన్నాడు. వెళ్లిపోయాడు.

వాళ్లు వంతెన ఎక్కేదాకా పోశవ్వ తలుపు దగ్గరే నిలబడి చూసింది. తర్వాత జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. గుంట ఒడ్డున కాళ్లు వేలాడేసుకుని తిన్నాం.

"గుంట ఉన్నన్ని దినాలు మమ్మల్ని ఎవ్వలు లేపరన్నట్టే గద అమ్మా?"

"పని అయ్యేదాక," అన్నాను.

"ఎప్పుడైతది పని?"

"ఇంక పొరలు స్పష్టంగా లేవు పోశవ్వా."

ఏం అర్థమైందో, తల ఊపింది.

జూలై 9

పొరలు స్పష్టంగా లేవు.

జూలై 16

పొరలు స్పష్టంగా లేవు. గుంటను ఇంకో మూరెడు గోడ వైపు జరిపించాను. పని కోసమే. తూర్పు మూల తేలాలి కదా.

జూలై 24

బిచ్చయ్యతో ఇవాళ మొదటిసారి సరిగ్గా మాట్లాడాను. మూట జారి భుజం పట్టేసిందట, పనికి పోలేదు. కాళ్లు ముడుచుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాపుకోవడానికి చోటు లేదు. గది సగం గుంటే. మిగిలిన సగంలో నలుగురూ మేకా. పిల్లలు పడకుండా ఇద్దరినీ మంచం కోడుకు కట్టి పడుకోబెడుతున్నారని చెప్పాడు.

"నీ మంచితనం మాకు సమజైతది అమ్మా. గాని గీ గుంటతోని మేము బతకలేకుంటున్నం."

"పూడిస్తే లేపుతరు బిచ్చయ్యా."

"గదే జెప్తున్న. పూడిస్తే పోవాలె. పూడ్వకుంటే గిట్లుండాలె."

పోశవ్వ ఆయన్ని కసిరింది. నేను టేపు తీసి, కొలిచిందే మళ్లీ కొలిచాను.

ఇంటికొస్తే వదిన ఇల్లంతా ఎవరో ఒకావిడకు చూపిస్తోంది. దసరా తర్వాత ఇక్కడికి రాబోయేవాళ్లట. నా గదిలో నిలబడి "ఇది సామాన్లకు పనికొస్తది" అంది ఆవిడ.

ఆగస్టు 3, సోమవారం

రాధాకృష్ణమూర్తిగారు చెప్పకుండా వచ్చారు. కోటు విప్పి నాకిచ్చి, నిచ్చెన మీదుగా గుంటలోకి దిగారు. పునాది రాళ్లను చేత్తో తడిమారు. గోరుతో సున్నం గీకారు. పైకి వచ్చాక నన్ను నది ఒడ్డుకు పిలిచారు.

"ఎప్పుడు తేలింది మీకు?"

చేతిలోని కోటు మడత సరిచేశాను.

"నేనూ మనిషినేనండీ. కర్నూలు నించి వచ్చిన కొత్తలో నాకిక్కడ ఇల్లు అద్దెకిచ్చినవాడు లేడు. కానీ పక్కన గుంట తవ్వి ఇలా వదిలేస్తే మీరు కాపాడాలనుకున్న గోడే కూలుతుంది, మీరు కాపాడాలనుకున్న మనుషుల మీదే. నెలాఖరుకి పూడ్చి రిపోర్టు ఇవ్వండి. ఇస్తే మీ పర్మనెంటుకి రాస్తాను. లేకపోతే మీ పొడిగింపు మీద సంతకం పెట్టలేను."

"వాళ్లను పోలీసులతో లేపుతారా?"

"మీరు చెప్తే లేస్తారేమో. మీ మాట వింటారు కదా."

కోటు వేసుకుంటుండగా పోశవ్వ గ్లాసులో చాయ్ తెచ్చింది. తాగారు. బావుందన్నారు.

ఆగస్టు 10

రెండు రోజులుగా వాన. గుంట అంచు దగ్గర, గోడలో చీలిక కనబడింది. వెంట్రుకంత. ఎప్పటినించి ఉందని పోశవ్వను అడిగాను.

"గోడన్నంక ఉండదా అమ్మా?" అంది.

పాతదే అయి ఉంటుంది. అయినా పద్ధతి ప్రకారం సన్నటి గాజు పట్టీ తెచ్చి, చీలికకు అడ్డంగా రెండు కొసలా సున్నంతో అతికించాను. గోడ కదిలితే గాజు పగులుతుంది.

ఆగస్టు 14

చీలిక పాతదే.

ఆగస్టు 19

గాజు అలాగే ఉంది. పిల్లలు దాన్ని ముట్టుకోకుండా పోశవ్వ ముందు తట్ట అడ్డం పెట్టింది.

మొజంజాహీ మార్కెట్లో పోశవ్వ పిల్లల కోసం జామపళ్లు కొన్నాను. నాలుగు వదినకు ఇచ్చాను. "ఇయ్యేడు వరంగల్‌ల మంచిగ దొరుకుతయంట," అంది.

ఆగస్టు 24

రాధాకృష్ణమూర్తిగారు గోడ మీది క్యాలెండరు చూసి నన్ను చూశారు.

ఆగస్టు 27, గురువారం

గాజు పగిలింది.

వాన ఆగకుండా పడుతోంది. తలుపు తీసేసరికి మొదట అదే చూశాను, గాజు పట్టీ రెండు ముక్కలై ఒకటి కింద పడి ఉంది. తట్ట పక్కకు ఒరిగి ఉంది. మేక అక్కడే కట్టేసి ఉంది.

"పోశవ్వా, పిల్లల్ని తీసుకొని బయటికి రా."

"ఏమైందమ్మా?"

"గోడ పడుతది."

ఆమె చీలిక వైపు చూసింది. కప్పు వైపు చూసింది. తర్వాత నన్ను చాలాసేపు చూసింది. నేను తడిసి వచ్చాను, ముఖం తుడుచుకున్నాను.

"పడుతదా?"

"ఔ, పడుతది. ఇప్పుడే రావాలె. నా మాట ఇను."

చిన్నదాన్ని చంకనేసుకుంది. పెద్దదాని చేతికి మేక తాడిచ్చింది. పొయ్యిలో నిప్పు ఆర్పి కుండలు బయటపెట్టింది. మంచం మాత్రం తలుపులోంచి రాలేదు. లోపలే కోళ్లు విప్పి, పట్టెలు విడదీసి ఒక్కొక్కటీ ఇద్దరం మోసాం. ఎదురుగా మూసి ఉన్న కట్టెల అడితి పంచన పెట్టాం. బిచ్చయ్య వచ్చేసరికి సామానంతా వానలో ఉంది. నన్ను దాటిపోయి పోశవ్వను అడిగాడు. ఆమె ఏదో చెప్పింది. నాకు వినబడలేదు.

సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాను. గోడ పడలేదు. వాన తగ్గాక పడొచ్చు. నానిన గోడలు ఎండ తగిలినప్పుడే ఎక్కువ కూలుతాయి.

ఆగస్టు 29

రోడ్డు వాళ్ల లారీ వచ్చింది. కార్వాన్ అవతల ఖాళీ జాగా ఇచ్చారట, అక్కడికి తీసుకుపోయారు. నేను ఆఫీసులో ఉన్నాను. సాయన్న వచ్చి చెప్పాడు.

గుంట పూడ్పించాను.

ఆగస్టు 31

రిపోర్టు ఇచ్చాను. గోడా బురుజూ ఒకే కాలానివి. తప్పక కాపాడదగినవి.

సెప్టెంబర్ 3

"పోలీసుల్లేకుండా, ఒక్క గొడవ లేకుండా లేపారు," అని రాధాకృష్ణమూర్తిగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. చీలిక సంగతి చెప్పబోయాను. ఇంజనీరును పంపి చూపిస్తానన్నారు.

బురుజుకు కొత్త తలుపు, తాళం.

సెప్టెంబర్ 8

నిన్నంతా ఎండ. పడలేదు.

సెప్టెంబర్ 11

పడలేదు. పని లేకపోయినా అఫ్జల్‌గంజ్ బస్సెక్కి వెళ్లి వంతెన మీద నిలబడి చూశాను. వంతెన మీద హమాలీలు మూటలతో పోతున్నారు. వాళ్లలో బిచ్చయ్య ఉన్నాడేమోనని చూడకుండా తిరిగొచ్చాను.

సెప్టెంబర్ 14

రాత్రంతా కుంభవృష్టి. లక్డీకాపూల్ దగ్గర ఒక ప్రహరీ కూలిందని అన్నయ్య పేపర్ చదువుతూ చెప్పాడు. ముఖమైనా కడగకుండా బస్సెక్కాను.

అలాగే ఉంది.

పడి ఉంటే బాగుండేదనుకున్నాను. ఈ వాక్యం కొట్టేద్దామని కలం పెట్టాను. ఉండనీ.

సెప్టెంబర్ 17

ఇంజనీరుతో లోపలికి వెళ్లాను. గది ఎంత పెద్దదో ఇన్నాళ్లూ తెలియలేదు. ఆయన వంగి చీలికలో సన్నటి పుల్ల పెట్టి గీకాడు. పుల్ల నల్లగా వచ్చింది.

"పొయ్యి మసి. లోపలిదాక పట్టింది. ఏండ్ల సంది ఉన్నది ఇది, కొత్తగ ఏం కదల్లే. మీరేం ఫికర్ జెయ్యకుండ్రి."

మసి నేను ఆగస్టులోనే చూశాను. గాజు అతికించేటప్పుడు వేలికి అంటితే కొంగుకు తుడుచుకున్నాను.

ఆ రోజు తట్ట ఒరిగి ఉంది. మేక తాడు తట్ట మీదుగానే ఉంది.

ఏం చూసి గోడ పడుతుందన్నాను?

సెప్టెంబర్ 18

ఆర్డరు వచ్చింది. పర్మనెంట్. సాయంత్రం హాస్టల్ వార్డెన్ దసరా తర్వాత గది ఖాళీ అవుతుందని కబురు పంపింది.

వదిన సేమ్యా పాయసం చేసింది. అన్నయ్య తిని చెయ్యి కడుక్కుని, "ఎన్నడన్న కష్టమైతే వరంగల్ రా," అన్నాడు.

సెప్టెంబర్ 21, సోమవారం

పొద్దున్నే రాధాకృష్ణమూర్తిగారి గదిలోకి వెళ్లి కూర్చోకుండానే చెప్పాను. చీలిక పాతది, గోడ పడదు, నేను చెప్పింది తప్పు, వాళ్లను మళ్లీ రానివ్వాలి. కప్పు ఇన్నాళ్లు నిలిచింది వాళ్లు చూసుకోవడం వల్లే. కావలి ఉద్యోగమిచ్చి అక్కడే ఉంచవచ్చు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కాపాడే కట్టడంలో మనుషులు కాపురం ఉండకూడదండీ. రూలు. మీరు రాసిన రిపోర్టు మీదే ఆర్డరైంది."

"తప్పు చెప్పి లేపానండి వాళ్లను."

"తప్పు చెప్పకపోయినా లేచేవాళ్లేగా," అన్నారు మెల్లగా. "నెలాఖరుకి పోలీసులొచ్చేవాళ్లు. మీరు దాన్ని నాలుగు రోజులు ముందుకు జరిపారు. అంతే."

అంతే అయితే నేను అబద్ధం ఎందుకాడాను? నాలుగు రోజులు ఆగి, పక్కన నిలబడలేకపోయానా?

సెప్టెంబర్ 27, ఆదివారం

కార్వాన్ వెళ్లాను. బస్సు దిగి చాలా దూరం నడిచాను. చెట్టూ చేమా లేని మెట్ట మీద గుడిసెలు లేస్తున్నాయి. మేకను చూసి గుర్తుపట్టాను. పోశవ్వ, బిచ్చయ్య నిట్రాడ నిలబెట్టి, పైన వెదుళ్లు కడుతున్నారు. ఇంతకాలం పైన కట్టిన చాప కిందే ఉన్నారన్నమాట.

బిచ్చయ్య నన్ను చూసి తాడు వదల్లేదు. "మీ గోడ మంచిగున్నది. దినాం సూస్తున్న," అన్నాడు.

"ఔ. నాకు తెలుసు. అదే చెప్పనీకె వచ్చిన."

పోశవ్వ చేతులు దులుపుకుని దగ్గరికొచ్చింది.

"పోశవ్వా, గోడ పడదు. ఆ దినం గూడ పడేది గాదు. నాకు బయమైంది, గోడకు కాదు. మా సారు గడువు పెట్టిండు. నా నౌకరీ పోతుండె. నేను పోవాల్సి వస్తుండె, వరంగల్‌కు, మా అన్నోళ్లెంబడి. గాజు పగిలింది సూసిన, గదొక్కటే సూసిన. ఇంకేం సూడదల్సుకోలే."

"గాజు మా మేక తోసింది," అంది పోశవ్వ. "తెల్లారిగట్ల. నువ్వొస్తె చెప్దమనుకున్న."

"మరి చెప్పలే ఎందుకు?"

"నువ్వు ఏడ్సుకుంట వస్తివి గద."

నేను ఏడవలేదని అనబోయాను.

"తలుపు తీసుడు తీసుడే ఏడుస్తున్నవ్. 'గోడ పడుతది, పోశవ్వా బయటికి రా' అనుకుంట నా చెయ్యి వట్టుకున్నవ్. ఇడువలే. గోడ పడదని నాకెర్కే. పన్నెండు వానలు సూసిన ఆ ఇంట్ల."

"ఎర్కయి ఎందుకొచ్చినవ్?"

"ఎట్లయిన పోయేదే. ఈయినకు గుంటతోని పానం ఇసిగింది. పోలీసులొచ్చి పిల్లల ముంగట తన్ని బయటేసేదానికన్న, మాకోసం ఏడ్చేటామె చెప్తె పోవుడు నయం గాదా అనుకున్న." నా ముఖంలోకి చూసింది. "ఇప్పుడంటున్నవ్, నీ కోసం ఏడిస్తివని."

పిల్ల ఒకతి వచ్చి నా చేతిసంచిలోకి తొంగిచూసింది. ఏమీ తీసుకురాలేదు. అంత దూరం వస్తూ పిల్లలకు ఏమీ కొనాలని తోచలేదు.

"ఇద్దరి కోసం అయ్యుంటది తీ," అంది పోశవ్వ చివరికి. వెళ్లి వెదురు అందుకుంది. నన్ను కూర్చోమనలేదు, వెళ్లమనీ అనలేదు. పైన బిచ్చయ్య ఒక కొస కడుతుంటే రెండో కొస ఆమెకు అందడం లేదు. నేను వెళ్లి పట్టుకున్నాను. ఎవరూ వద్దనలేదు. పొద్దు వాలేదాకా పట్టుకునే ఉన్నాను, అరచేతుల్లో పేళ్లు గుచ్చుకున్నాయి.

బయల్దేరుతుంటే పోశవ్వ అడిగింది, "మరి నువ్వెక్కడుంటున్నవమ్మా ఇప్పుడు? అన్నోళ్లెంబడి పోతున్నవా?"

"లేదు. ఆబిడ్స్‌ల గది దొరికింది."

"గట్లనా," అంది. "తాళమున్నదా దానికి?"

"ఉంది."

"మంచిదాయె."

అక్టోబర్ 18, ఆదివారం

పొద్దున అన్నయ్య వాళ్లను నాంపల్లి స్టేషన్లో రైలెక్కించాను. వదిన ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మధ్యాహ్నం ట్రంకు పెట్టె రిక్షాలో వేసుకుని హాస్టల్‌కు వచ్చాను.

గది మేడ మీద ఉంది. మంచం, బల్ల, ఒక కిటికీ. వార్డెన్ నియమాలన్నీ చదివి వినిపించి, బయటివాళ్లు ఎవరూ గదిలోకి రాకూడదని చెప్పి, తాళంచెవి చేతిలో పెట్టింది.

గది బాగుంది. తలుపు వేసుకుని చాలాసేపు నిలబడే ఉన్నాను. కూర్చోబుద్ధి కాలేదు.